ముత్యాల గర్భం: శుభ్రం చేస్తే అయిపోదు!

నెల తప్పింది. ఇంట్లో అందరికీ సంబరం. కానీ వేవిళ్లు మామూలుగా లేవు. మంచినీళ్లు తాగినా వాంతే. మూడో నెల నిండకుండానే పొట్ట అయిదో నెలంత కనిపిస్తోంది. 'కవలలేమో' అంటారొకరు. 'పైత్యం చేసిందిలే' అంటారింకొకరు. ఇంతలో రక్తస్రావం మొదలవుతుంది. స్కానింగ్ తీస్తే... గుండె చప్పుడు లేదు, అసలు బిడ్డే లేదు. గర్భసంచి నిండా ద్రాక్ష గుత్తుల్లాంటి నీటి బుడగలు!

దీన్నే ముత్యాల గర్భం అంటారు. తల్లి తిన్న తిండో, ఎత్తిన బరువో దీనికి కారణం కాదు. అండం, వీర్యకణం కలిసేటప్పుడే లెక్క తప్పుతుంది. అండంలో తల్లి జన్యుపదార్థం లేకపోవడమో, ఒకే అండంలోకి రెండు వీర్యకణాలు చేరడమో జరుగుతుంది. దాంతో బిడ్డ సరిగా ఏర్పడదు. మాయ మాత్రం అదుపు లేకుండా పెరిగిపోతుంది.

దీనికి చికిత్స గర్భసంచిని శుభ్రం చేయడమే. వినడానికి తేలికే కానీ, ఇక్కడ గర్భసంచి ఉబ్బి మెత్తబడి ఉంటుంది. రక్తం ఎక్కువగా పోవచ్చు. పరికరం తగిలి రంధ్రం పడొచ్చు. అందుకే రక్తం ఎక్కించే ఏర్పాట్లున్న ఆసుపత్రిలోనే, స్కానింగ్‌లో చూస్తూ, సక్షన్ పద్ధతిలో చేయించుకోవాలి.

మరి అక్కడితో పీడ వదిలినట్టేనా? కాదు. అసలు జాగ్రత్త మొదలయ్యేది అప్పుడే. బిడ్డ ఆనవాలే లేని 'పూర్తి' ముత్యాల గర్భం వచ్చిన ప్రతి వందమందిలో 15 నుంచి 20 మందికి ఆ కణాలు లోపల మిగిలి మళ్లీ పెరుగుతాయి. కొద్దిమందిలో అవి కోరియోకార్సినోమా అనే అరుదైన క్యాన్సర్‌గా మారతాయి. అబార్షన్ తర్వాత, చివరికి మామూలు కాన్పు తర్వాత కూడా ఈ క్యాన్సర్ రావచ్చు. ఇది రక్తంలో కలిసి త్వరగా ఊపిరితిత్తులకు చేరుతుంది. దగ్గులో రక్తం పడితే టీబీ అని పొరబడే ప్రమాదమూ ఉంది. ఈ కణితుల నిండా రక్తనాళాలే. ముక్క తీసి పరీక్షించబోతే రక్తం ఆగకపోవచ్చు.

మరి కనిపెట్టేదెలా? ఒక్క రక్తపరీక్షతో! గర్భం వచ్చిందో లేదో చెప్పే కిట్‌లో గీత పడేది హెచ్‌సీజీ అనే హార్మోను వల్లే. ఈ కణాలూ దాన్నే తయారుచేస్తాయి. శుభ్రం చేశాక వారం వారం ఈ పరీక్ష చేయిస్తే అంకె తగ్గుతూ రావాలి. తగ్గడం ఆగినా, మళ్లీ పెరిగినా ఎక్కడో కణాలు బతికున్నాయని అర్థం.

ఈ అంకె విలువ ఎంతటిదో తెలియాలంటే 1956కి వెళ్లాలి. అంతవరకూ ఈ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందంటే దాదాపు ఆశ వదులుకోవడమే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు మెథోట్రెక్సేట్ అనే మందుతో ఆ కణితులను కరిగించి చూపారు. కణితి మాయమైనా హెచ్‌సీజీ పూర్తిగా తగ్గేదాకా మందు ఆపకూడదన్నాడు లీ. బాగున్న మనిషికి విషం ఎక్కిస్తున్నాడని అభ్యంతరాలొచ్చాయి. ఆయన ఆ సంస్థనే విడిచి వెళ్లాల్సి వచ్చింది. చివరికి ఆయన మాటే నిజమైంది. మధ్యలో మందు ఆపిన వాళ్లకు జబ్బు తిరగబెట్టింది, కొనసాగించిన వాళ్లు నిలబడ్డారు. 1972లో లాస్కర్ పురస్కారం అందుకున్నవారిలో లీ, హెర్ట్జ్ ఇద్దరూ ఉన్నారు.

ఆ మందు వెనక మనవాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! లెడర్లీ సంస్థలో ఆయన సారథ్యంలో ఫోలిక్ ఆమ్లంపై సాగిన పరిశోధనల ఫలమే ఈ కోవకు చెందిన మందులు. 1948లోనే కన్నుమూసిన ఆయన ఈ విజయాన్ని చూడలేదు. మెథోట్రెక్సేట్‌ను మాత్రం నేటికీ ఇదే జబ్బుకు వాడుతున్నారు. తొలిదశలో పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. చాలామందికి గర్భసంచి తీయాల్సిన అవసరమే రాదు.

చిక్కంతా మన దగ్గరే ఉంది. రక్తస్రావం ఆగి, ఒంట్లో కాస్త ఓపిక రాగానే 'ఇంకా ఎందుకమ్మా ఆసుపత్రి చుట్టూ' అంటారు. 'మళ్లీ నెల తప్పితే అన్నీ సర్దుకుంటాయి' అని పెద్దవాళ్లు తొందరపెడతారు. కానీ మళ్లీ గర్భం వస్తే హెచ్‌సీజీ ఎలాగూ పెరుగుతుంది. అది బిడ్డదో, జబ్బుదో తేల్చడం కష్టం. అందుకే డాక్టరు సరేననేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి. రక్తస్రావం ఆగలేదని, హెచ్‌సీజీ చూడకుండా మళ్లీ మళ్లీ శుభ్రం చేయించుకోకూడదు.

ఆ తర్వాత పిల్లలు పుడతారా అన్న బెంగ అక్కర్లేదు. ముత్యాల గర్భం మళ్లీ వచ్చేది సుమారు వందలో ఒక్కరికే. నెల తప్పగానే తొలి వారాల్లోనే స్కానింగ్ తీయిస్తే సరిపోతుంది. అప్పటిదాకా రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి. ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ముందు చూపించాల్సింది ఆ అంకెలే.