కంపెనీ యిల్లు: ఖాళీ చేయింపగల వారెవరు?

తండ్రి కట్టించిన మేడను ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పేర వ్రాయించి అద్దెల కిచ్చుట చెన్నపురి తెలుగు కుటుంబములకు క్రొత్త గాదు. తండ్రి యున్నంతకాలము చిక్కు లేదు. ఆయన పిమ్మట అన్నదమ్ములకు పొసగదు. ఒకరు అద్దె పుచ్చుకొందురు. వేఱొకరు ఇల్లు విడువుమని నోటీసు పంపుదురు. ఇరువురును తామే యజమానుల మందురు. నెలనెలయు అద్దె చెల్లించుచున్న డాక్టరు గాని, ప్లీడరు గాని ఎవరి మాట వినవలెను?

చట్టప్రకార మిరువురును యజమానులు కారు. కంపెనీ యనునది వాటాదారులకంటె వేఱైన వ్యక్తి యని ఇంగ్లండులో ప్రభువుల సభ 1896లో సాలొమన్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. వాటాదారునకు కంపెనీ ఆస్తియందు స్వామ్యము లేదని మన సుప్రీంకోర్టు 1954లో బచా గుజ్దార్ ఆదాయపు పన్ను వ్యాజ్యమున స్పష్టపఱచినది. నూటికి 99 వాటాలు గలవాడైనను ఖాళీ దావా తన పేర వేయజాలడు. దావా కంపెనీ పేరనే రావలెను.

అయితే కంపెనీకి సంతకము చేయుటకు చేయి లేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 29వ ఆర్డరు ప్రకారము కార్యదర్శి గాని, డైరెక్టరు గాని, సంగతులనుగూర్చి సాక్ష్యమీయగల ముఖ్యాధికారి గాని దావాపత్రముపై సంతకము చేయవచ్చును. ఇచ్చటనే పలువురు పొరబడుచున్నారు. సంతకము చేయుట వేఱు. దావా వేయవలెనని కంపెనీ నిశ్చయించుట వేఱు. రెండవదానికి డైరెక్టర్ల బోర్డు తీర్మానమో, కంపెనీ నిబంధనావళి యిచ్చిన యధికారమో, ముక్తారునామాయో ఉండవలెను. ఇక అద్దె వసూలు చేయు గుమాస్తా సంగతి చెప్పనేల? కేవలము ఏజెంటుగా అద్దె పుచ్చుకొనువాడు యజమాని వ్రాతపూర్వకానుమతిని ముందుగా పొందనిదే ఖాళీకై దరఖాస్తు పెట్టరాదని 1960 నాటి అద్దె కంట్రోలు చట్టమే నిర్బంధించినది. 2019లో ఆ చట్టము తొలగి 2017 నాటి చట్టము అమలులోనికి వచ్చినను, ఆ నిర్బంధములోని న్యాయము పాతబడలేదని మా తలంపు.

అద్దెదారులకును ఒక మాట. తీర్మానము లేదన్న వాదముపైననే యిల్లు నిలుపుకొందమని తలపవలదు. యునైటెడ్ బ్యాంకి ఆఫ్ ఇండియా, నరేష్ కుమార్ల నడుమ నడచిన బాకీ దావాలో సుప్రీంకోర్టు 1996లో ఇట్టి లోపము సవరింపదగినదే యనియు, అధికారము లేక చేసిన సంతకమును సంస్థ పిమ్మట ఆమోదింపవచ్చుననియు చెప్పినది.

ఆ తీర్పు న్యాయమైనదే. కాని బ్యాంకి తన బాకీ కోరుచున్నదా యన్న సందేహ మెవరికిని కలుగదు. అన్నదమ్ములు చీలిన కంపెనీలోనో, కంపెనీ యేమి కోరుచున్నదో చెప్పవలసిన నోరే తగవులో నున్నది. ఆమోదింపవలసిన బోర్డే రెండు ముక్కలైనది. ఏండ్ల తరబడి దావా నడచిన పిమ్మట తీర్మానము లేదని తేలినచో అద్దెదారునకును, కంపెనీకిని నష్టమే. కావున రెంటు కోర్టులు దరఖాస్తు తీసికొనునపుడే తీర్మానపు నకలు చూపుమని యడుగవలెను. అద్దెదారులును నోటీసుకు తొలి జవాబులోనే దానిని కోరుట మేలు. అంతవరకు అద్దె మాత్రము ఆపరాదు. అన్న చేతికి గాని, తమ్ముని చేతికి గాని యీయక, కంపెనీ పేరనున్న బ్యాంకి ఖాతాకే చెల్లించి రసీదు దాచుకొనవలెను.