సాదా బట్టకు సగం కూలి తగునా?

బెంగళూరులో వైట్‌ఫీల్డు, సర్జాపురం రోడ్డు ప్రాంతాల అపార్టుమెంటులలో మన తెలుగువారు ఎందరో కాపురమున్నారు. ఆ ఇండ్లలో ఇప్పుడొక అభిరుచి కనబడుతున్నది. తళుకు గుడ్డలు తీసివేసి, చెక్క, వెదురు, మట్టి, నూలు వీటితోనే గదులను తీర్చుకొంటున్నారు. కిటికీకి కోరా తెర, మంచానికి సాదా దుప్పటి, నేలకు జంపఖానా. పగలంతా కంప్యూటరు చూచిన కంటికి ఇంట్లోనైనా విశ్రాంతి కావాలని వారి కోరిక. ఇది మన మగ్గాలకు పని కల్పించే కోరిక.

ఈ పనిపై మనకు హక్కు కూడా ఉన్నది. 1985 నాటి రిజర్వేషను చట్టం క్రింద చేనేతకు కేటాయించిన రకాలలో దుప్పట్లు, ఇంటి అలంకరణ వస్త్రాలు, జంపఖానాలు చేరి ఉన్నవి. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

చిక్కంతా కూలి దగ్గర. ఈమధ్య బెంగళూరు వర్తకుడొకరు మా సంఘానికి తెరల ఆర్డరు తెచ్చి, సాదా గుడ్డే గదా, చీర కూలిలో సగం చాలునన్నారు. మేము ఒప్పుకొనలేదు. చీరలో అంచు, బుటా కంటిని లాగుకొంటవి. తెరకు వెనుక నుండి వెలుతురు పడుతుంది. ఒక్క పోగు తప్పినా, దెబ్బ హెచ్చుతగ్గయినా గీతగా కనబడుతుంది. ఒకే హాలుకు కట్టే ఆరు తెరలు ఇద్దరి మగ్గాల మీద నేసినా ఒక్క గుడ్డగా ఉండవలె. దీనికి నిలకడైన చేయి కావలె. 20 నంబరు నూలు 100 నంబరు కంటె వేగంగా సాగునన్న మాట నిజమే. అందుచేత గజానికి చీర ధర అడుగుట లేదు. నేతగాని దినకూలి మాత్రం చీరకు తగ్గరాదని మా అభిప్రాయం.

అట్లు అడుగవలెనంటే సరుకులో లోపముండరాదు. తెరకు 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు వాడుక. మన చీర మగ్గాలు ఈ వెడల్పుకు దగ్గరే. కాని మగ్గం దిగిన గుడ్డ కుంచించుకొనును, ఉతికితే మరికొంత తగ్గును. కాబట్టి నమూనా నేసి, ఉతికి, ఆ కొలతను బట్టి పన్నె వెడల్పు నిర్ణయించవలె. పెద్ద మంచం దుప్పటికి వెడల్పు మగ్గం లేనిదే ఆర్డరు పట్టరాదు. కిటికీ ఎండకు పసుపు రంగు త్వరగా వెలియును, నీలిమందు నిలుచును. కోరాకు అద్దకపు ఖర్చు లేదు గాని, రెండు మిల్లుల కోరా ఒక్క తీరున ఉండదు. ఆర్డరంతటికి ఒకే లాటు నూలు కొనవలె.

నమూనా ముక్క మీద ఇరువురి సంతకాలు, నూలుకు బయానా, అంగుళానికి పోగుల లెక్క, ఇవి ముందే కాగితం మీద పెట్టుకొనవలె. రాబోయే సర్వసభ్య సమావేశాలలో ప్రతి సంఘం సాదా నేత కూలిని చర్చించి తీర్మానించవలెనని మా మనవి. ఒక సంఘం నిరాకరించిన రేటుకు పక్క సంఘం ఒప్పుకొన్నచో, నష్టపోయేది రెండు ఊళ్ళ నేతగాండ్రూను.