కథాసూత్రము తెగరాదు

కెనడాకు చెందిన బయోవేర్ సంస్థవారు 2007లో ఆరంభించి, 2010లోను 2012లోను తరువాతి భాగములను వెలువరించిన మాస్ ఎఫెక్ట్ అను వీడియో గేముల త్రయము, ఒక భాగమున ఆటగాడు చేసిన నిర్ణయములను మరుసటి భాగమునకు కొనిపోవు ఏర్పాటుచేతనే అంతటి కీర్తి గడించినది. మొదటి భాగమున నొవేరియా గ్రహముపై, గాజుతొట్టిలో బందీయైన రాక్నీ జాతి రాణి, అవసానదశలోనున్న యొక స్త్రీ నోట పలుకుచు, ప్రాణభిక్ష వేడును. ఆమెను విడిచిపుచ్చుటయో, ఆమ్లముతో సంహరించి ఒక జాతినే రూపుమాపుటయో ఆటగాని అంతరాత్మకు వదలిరి. ఆ క్షణమున చేయి వణకని ఆటగాడుండడు. అయినను మూడవ భాగమున, విడిచిపుచ్చినవానికి రాణి కనబడు గుహలోనే, సంహరించినవాని యెదుటను శత్రుయంత్రములు కృత్రిమముగా సృజించిన మరియొక రాణి ప్రత్యక్షమగును!

ప్రతి నిర్ణయమునకును వేరు కథ కల్పించుట మిక్కిలి వ్యయసాధ్యమని సమర్థకులందురు. నిజమే, కాని ఆ గుహను శూన్యముగా విడుచుటకు వ్యయమేల? ఒక ఘట్టము తగ్గిన తగ్గుగాక, ఆ శూన్యమే కథయై నిలుచును. మూడవ భాగపు ముగింపుపై ఆటగాండ్ర ఆగ్రహము పెల్లుబుకగా 2012 జూన్‌లో దానిని విస్తరించి ఉచితముగా నిచ్చిరి; రాణి విషయము మాత్రము యథాతథముగా నుండిపోయినది. ఇప్పుడు నూతన భాగము నిర్మాణమందున్నది. ఆటగాడు చంపినవారిని అందైనను మరల లేపవలదని ఆ రచయితలను ప్రార్థించుచున్నాను.