"మన ఆచారంలో లేదు" అనేటోళ్లే రుజువు తేవాలె



లక్డారం క్రషర్ల కాడ, పటాన్‌చెరు కంపెనీల్లో పనిచేసుకుంటూ చదువుకుంటున్న మనం తరచూ వినే మాట: "మనం ఎస్టీలం, మనకు హిందూ చట్టం వర్తించదు." ఈ మాట ఎప్పుడొస్తదో గమనించండి. ఆడబిడ్డ భూమిల వాటా అడిగినప్పుడు. మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నప్పుడు. కట్నం లెక్కపెట్టుకునేటప్పుడు మాత్రం ఆచారం ఎవరికీ యాదికి రాదు.

మాట అబద్ధం కాదు. 1955 హిందూ వివాహ చట్టం, 1956 వారసత్వ చట్టం రెండూ సెక్షన్ 2(2)లో, కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఎస్టీలకు వర్తించవని చెప్పాయి. అంటే మన ఆచారమే మన చట్టం. కానీ కోర్టులో ఆచారం అంటే పెద్దమనిషి నోటిమాట కాదు. పాతకాలం నుంచి, తెగకుండా, ఒకే తీరుగా నడుస్తున్నదని సాక్ష్యం కావాలె.

ఆ సాక్ష్యం ఎవరు తేవాలె? అసలు కొట్లాట ఇక్కడే. 2001లో సూరజ్‌మణి స్టెల్లా కుజుర్ కేసు చూడండి. ఆమె ఓరాన్, భర్త సంతాల్. రెండో పెళ్లి చేసుకున్నాడని క్రిమినల్ కేసు పెట్టింది. రెండో పెళ్లి చెల్లదనే ఆచారాన్ని ఆమె రుజువు చేయలేదని సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది. బరువంతా ఆమె నెత్తినే.

2025 జూలై 17న గాలి మారింది. రామ్‌చరణ్ వర్సెస్ సుఖ్‌రామ్ కేసు, ఛత్తీస్‌గఢ్ గోండులది. అమ్మ తరఫు తాత భూమిల వాటా అడిగితే, ఆడవాళ్లకు ఇచ్చే ఆచారం చూపమన్నాయి కింది కోర్టులు. ఇవ్వొద్దనే ఆచారం ఉన్నదని ముందే ఎట్లా అనుకుంటరని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. 14వ అధికరణం ఎత్తిచూపి సమాన వాటా ఇచ్చింది. 1992లో వాటా ఇయ్యనన్న కాడ మొదలైన తగాదా అది. 33 ఏండ్లు!

భరణానికైతే ఈ ఆచారం గొడవే లేదు. పాత 125, ఇప్పటి బిఎన్‌ఎస్‌ఎస్ 144 ఏ తెగకైనా వర్తిస్తది. ఫ్యామిలీ కోర్టు చట్టం సెక్షన్ 14 సాక్ష్యం నియమాలను సడలించింది. రేషన్ కార్డు, పిల్లల బడి రికార్డు, పెళ్లి ఫోటో, పంచాయితీ కాగితం, ఏదీ పారేయకండి. ఎస్టీలకు, ఆడవాళ్లకు లాయర్ ఉచితం. సంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు.

ఇగ మన పని. ఈసారి పంచాయితీల "ఆడపిల్లకు లేదు" అని ఎవరన్నా అంటే, ఏ తాండాల, ఎవరింట్ల, ఏ సంవత్సరంల అట్ల జరిగిందో అడుగుదాం. చెప్పింది రాసుకుందాం. కింద సంతకం పెట్టమందాం.