తాడు పట్టుకునేదెవరు?

కంపెనీ గేటు పక్కన పచ్చ బోర్డు చూశారు కదా. ‘భద్రతే మా ఊపిరి’ అని ఇంతింత అక్షరాలు. మార్చి 4న జాతీయ భద్రతా దినమని జెండా ఎగరేస్తారు. జూన్ 5న మొక్కలు నాటి ఫొటోలు దిగుతారు. పర్యావరణానికీ, ఆరోగ్యానికీ, భద్రతకీ కలిపి ఓ శాఖ, ఏసీ గది, బీరువా నిండా ఫైళ్ళు. మంచిదే. ఆ గదిలో కూర్చునేదెవరు, తొట్టిలో దిగేదెవరు? ఇదీ మన ప్రశ్న.

మా పక్కూరి కంపెనీ సంగతే చెబుతాం. మురుగుతొట్టి కడగాలంటే పర్మినెంటు కార్మికుణ్ణి పిలవరు. కాంట్రాక్టరు సరాసరి మన వాడకొస్తాడు. ‘రెండొందలు ఎక్కువిస్తా రండ్రా’ అంటాడు. గేటు దగ్గర ఓ కాగితం మీద వేలిముద్ర. శిక్షణ పొందాననీ, మాస్కు అందిందనీ అందులో రాసుంటుంది. ఆ మాస్కు తనిఖీ రోజున కనపడుద్ది, మర్నాడు బీరువాలోకి పోద్ది. కులమంటే పని విభజనే కాదు, పనిచేసే మనుషుల విభజన అని బాబాసాహెబ్ 1936లోనే తేల్చారు. కంపెనీ గోడ లోపల ఆ మాట అబద్ధమైందా?

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఏం చెప్పింది? విషవాయువు ఉండే తొట్టిలోకి మనిషి దిగాలంటే ముందు గాలి పరీక్షించి, ప్రమాదం లేదని అర్హుడైనవాడు రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా దిగేవాడికి శ్వాస పరికరం పెట్టి, నడుముకి బెల్టు, బెల్టుకి తాడు కట్టి, పైన ఒకడు ఆ తాడు కొస పట్టుకుని నిలబడాలి. మనవాడు దిగినప్పుడు తాడేదీ? పట్టుకునే చెయ్యేదీ?

ఇది తొట్టితో ఆగలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే చెప్పింది: సాయంత్రానికి ట్యాంకు చల్లబరచడం ఆపేసేవారు, వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగునే ఉంది, పైన ఏం ఉడుకుతోందో తెలీలేదు. సైరన్ మోగించే బటన్లు 36 చోట్ల ఉన్నాయి. ఒక్కటీ నొక్కలేదు! నిద్రలో ఉన్న ఊరికి ఆ ఒక్క కూతే కదా కావాల్సింది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో 17 మంది. 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా, అందులో బీహార్, ఒడిశాల నించి పొట్ట చేతబట్టుకొచ్చినోళ్ళే ఎందరో. నాయకులొస్తారు, కోటి రూపాయలంటారు, పోతారు. బతికుండగా వెయ్యి రూపాయల మాస్కుకి దిక్కులేదు.

పనిగంటల మాటా చెప్పుకోవాలి. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో కార్మికశాఖ చూసిన కాలం వాళ్ళకి గుర్తులేదు గానీ మనకుంది. 1946లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. 2025 జూన్‌లో ఆంధ్ర మంత్రివర్గం రోజుకి పది గంటల పనికి ఆమోదం పలికింది. పదో గంటలో కళ్ళు మూతలు పడే మనిషి వాల్వు సరిగ్గా తిప్పుతాడా?

భోపాల్‌లో అంతమంది చచ్చాక, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి చేర్చారు. ప్రమాదకరమైన కంపెనీ తన దగ్గరున్న రసాయనాలేంటో, వాటివల్ల ముప్పేంటో కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలి. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లోనూ ఈ బాధ్యత ఉంది. మీ ఊరికి ఎప్పుడైనా ఎవరైనా వచ్చి చెప్పారా? మాకైతే చెప్పలేదు.

అందుకే సంఘాల వాళ్ళకు మా మాట ఇది. రేపటి గ్రామసభలో అడగండి, తీర్మానం రాయించండి, నకలు తీసుకోండి. ట్యాంకుల్లో ఏముంది? సైరన్ ఎప్పుడు మోగించి చూపుతారు? మోగితే ముసలాళ్ళనీ పసిపిల్లల్నీ ఏ దోవన తీసుకుపోవాలి? ఇక తొట్టి సంగతి. గాలి పరీక్షించిన కాగితం చూపించి, తాడు పట్టుకునేవాడి పేరు చెప్పేదాకా మన వాడలోంచి ఒక్క పిల్లాడూ దిగడు. రెండొందలు కాదు, రెండువేలిచ్చినా సరే.