సంతకానికి భార్య కావాలి... చెప్పడానికి అక్కర్లేదా?

మా శ్రీహరికోటలో చిన్నపిల్లలకి కూడా 'హోల్డ్' అంటే ఏమిటో తెలుసు. కౌంట్‌డౌన్ నడుస్తుండగా ఎక్కడైనా తేడా కనిపిస్తే అంతా ఆపేస్తారు. 2019 జూలై 15న చంద్రయాన్-2ని ఇంకా 56 నిమిషాల్లో ఎగురుతుందనగా ఆపేసి, మళ్లీ 22న పంపారు. ఆగడం వాళ్లకి నామోషీ కాదు, పనిలో భాగం.

మన మెదడులోనూ 'కాస్త ఆగు' అని చెప్పే చోటు ఒకటుంది. కందిగింజంత ఉంటుంది. పేరు సబ్‌థలమిక్ న్యూక్లియస్. పార్కిన్సన్ జబ్బుకి చేసే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఆపరేషన్‌లో ఎక్కువగా సన్నని తీగ దించేది అక్కడికే! ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన చిన్న పెట్టె నుంచి సెకనుకి 100 సార్లకు పైగా కరెంటు పోతుంది. వణుకు తగ్గుతుంది, బిగుసుకుపోయిన కాళ్లూ చేతులూ కదులుతాయి.

ఇదంతా నేను చదవాల్సి వచ్చింది సూళ్లూరుపేటలో నాకు తెలిసిన ఒక అక్క వల్ల. వాళ్లాయన పాలవాడి లెక్క కూడా డైరీలో రాసుకునే మనిషి. జబ్బు ముదిరాక చొక్కా గుండీలు కూడా ఆవిడే పెట్టాల్సి వచ్చేది. ఆపరేషన్ అయ్యాక కాఫీ గ్లాసు తనే పట్టుకుని తాగుతుంటే చూసి సంతోషంతో ఏడ్చేసింది. నాలుగు నెలలకి పేకాట మొదలైంది. ఫోన్లో చూసి అక్కర్లేని సామాన్లు తెప్పించడం, అదీ మూడేసి చొప్పున! ఫిక్సెడ్ డిపాజిట్ కరిగిపోయింది. రాత్రిళ్లు ఆవిడకి ఇంకో బాధ. అది నాతో కూడా సగం మాటల్లోనే చెప్పింది. ఇరుగుపొరుగు 'ముసలితనంలో బుద్ధి గడ్డి తింది' అన్నారు. ఆడపడుచైతే 'నువ్వే అదుపులో పెట్టుకోలేదు' అంది. తప్పు ఎవరిదైనా చివరికి మన నెత్తినే కదా!

బుద్ధి గడ్డి తినడం కాదమ్మా ఇది. పార్కిన్సన్‌లో మెదడుకి డోపమిన్ తగ్గిపోతుంది. దాని పని చెయ్యడానికి ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు కొందరిలో 'ఇంకా కావాలి' అనే యావని రేపుతాయి. 2010లో అమెరికా, కెనడాల్లో 3 వేల మందికి పైగా రోగుల్ని చూస్తే సుమారు ఏడుగురిలో ఒకరికి జూదమో, కొనుగోళ్ల పిచ్చో, తిండి యావో, కామవాంఛో అదుపు తప్పి ఉంది.

ఆపరేషన్ సంగతి ఒక్క ముక్కలో తేలేది కాదు. అది అయ్యాక మాత్రలు తగ్గించగలిగితే, ముందునుంచీ ఉన్న యావలు చాలామందిలో తగ్గాయి. కొందరిలో మాత్రం లేనివి కొత్తగా పుట్టాయి. 2007లో మైఖేల్ ఫ్రాంక్ బృందం ఒక పరీక్ష పెట్టింది. ఏది ఎంచుకోవాలో తేలక ఎవరైనా ఒక క్షణం ఆగే చోట, కరెంటు నడుస్తున్న రోగులు ఆగకపోగా ఇంకా తొందరగా ఎంచేసుకున్నారు. 'హోల్డ్' చెప్పేవాడు నోరు మూసుకున్నట్టే!

ఆపరేషన్ వద్దని నేననను. మన హైదరాబాద్‌లో నిమ్స్ వంటి చోట్ల చేస్తున్నారు, మంచం పట్టాల్సినవాళ్లు లేచి తిరుగుతున్నారు. నా కోపమల్లా ఒకటే. ఆ అక్క చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఇలాంటిది రావచ్చని ఒక్కమాట చెప్పలేదు. తర్వాత వెళ్లిన ప్రతిసారీ 'ఎలా ఉంది?' అని ఆయన్నే అడిగారు. ఆయన 'బ్రహ్మాండం' అన్నారు. నిజమే, ఆయనకి బాగానే ఉంది! తేడా కనిపించేది ఇంట్లో ఉండే మనిషికి. ఆ మనిషి కొడుకు ముందు, కుర్ర డాక్టర్ల ముందు రాత్రి సంగతులు ఎలా చెబుతుంది? ఆవిడని విడిగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు అడిగితే డాక్టరు సొమ్మేం పోయింది? మనమూ ఊరుకోకూడదు. ఆపరేషన్‌కి ముందే 'ఈయనకి పేకాట అలవాటుండేది' అని చెప్పాలి. అయ్యాక డబ్బు లెక్కల్లో తేడా వస్తే, సిగ్గుపడకుండా అదీ చెప్పాలి. కరెంటు మోతాదు మార్చొచ్చు, మాత్రలు తగ్గించొచ్చు. అంతేగానీ భయపడి ఇంట్లోనే మాత్రలు ఆపెయ్యకండి. ఒక్కసారిగా మానేస్తే దిగులు, ఆందోళన పట్టుకుని మనిషి ఇంకా కుంగిపోతాడు.

ఆ అక్క చివరికి ఒక చీటీ మీద అంతా రాసి నర్సు చేత లోపలికి పంపింది. డాక్టరు పిలిపించి మాట్లాడారు. మాత్ర తగ్గించారు, పెట్టె సెట్టింగు మార్చారు. పేకాట తగ్గింది, డిపాజిట్ డబ్బు మాత్రం తిరిగి రాలేదు. పాస్‌బుక్ ఇప్పుడు ఆవిడ బీరువాలోనే ఉంటోంది.