తొక్కేది మనం.. లెక్క ఎవరి దగ్గర?

వారంలో మూడు రోజులు తెల్లవారుజామునే సైకిల్ మీద గండిపేట దాకా వెళ్లిరావడం నాకు ఆరేళ్లుగా అలవాటు. మెహదీపట్నంలోని మా ఇంటి నుంచి పోనూరానూ 30 కిలోమీటర్ల పైచిలుకు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఏడాదిగా నాతో వస్తోంది. ఆమధ్య నార్సింగి దగ్గర టీ బండి వద్ద ఆగితే, సైకిల్ మీదే వచ్చిన మరొకాయన పలకరించారు. అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. ‘‘మొన్న బుధవారం మీరొక్కరే వెళ్లారేం సార్? అమ్మాయికి పరీక్షలా?’’ అన్నారు. మాకెలా తెలుసని ఆశ్చర్యపోతుంటే, ‘‘యాప్‌లో కనిపిస్తుంది కద సార్, మీ ఇద్దరి పేర్లూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి’’ అని నవ్వారు. మంచి మనిషే. నా సైకిల్ చైనుకు ఏ నూనె వాడితే బాగుంటుందో కూడా చెప్పారు. అయినా ఇంటికొచ్చేదాకా నా మనసు మనసులో లేదు.

ఆ సాయంత్రం మా ఖాతాలు బయటివారికి ఎలా కనిపిస్తున్నాయో చూశాం. అమ్మాయి పేరు, ఫొటో ఉన్నాయి. ఏ రోజు ఎన్నింటికి బయల్దేరింది, ఏ వీధిలోంచి వెళ్లింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, అప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంది.. అన్నీ ఉన్నాయి. మ్యాపులో గీత మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మొదలై మళ్లీ అక్కడికే వచ్చి ఆగుతోంది. ఆడపిల్ల ఫోన్ నంబరు ఎవరైనా అడిగితే వందసార్లు ఆలోచిస్తాం కదా! ఇక్కడ ఎవరూ అడగలేదు, ఎవరూ దొంగిలించలేదు. ఖాతా తెరిచినప్పుడే ‘అందరికీ కనిపించాలి’ అన్న ఏర్పాటు ఎంపికై ఉంది. దాన్ని మేం మార్చలేదు, అంతే.

ఇది చదివి సైకిల్‌ను మాత్రం అటకెక్కించకండి. బ్రిటన్‌లో 2.6 లక్షల మందికి పైగా ఉద్యోగులను పరిశీలించి గ్లాస్గో పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. కారు, బస్సుల్లో పనికి వెళ్లేవారితో పోలిస్తే సైకిల్ మీద వెళ్లేవారిలో ఆ కొన్నేళ్ల కాలంలో మరణం ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. సైకిల్ ఎక్కేవారు మొదటి నుంచీ కాస్త ఆరోగ్యవంతులై ఉండొచ్చు కాబట్టి ఆ ఘనత మొత్తం సైకిల్‌దే అనలేం. సగం తగ్గించుకుని నమ్మినా చాలు, రేపు పొద్దున్నే టైర్లలో గాలి నింపుకోవచ్చు.

నా పేచీ సైకిల్‌తో కాదు, చేతికి కట్టుకున్న వాచీతో. అదీ సగమే. చేతివాచీ వెనక మెరిసే పచ్చటి వెలుగు చర్మం కింద రక్తం ఎంత పారుతోందో చూసి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. కూర్చుని ఉన్నప్పుడు బాగానే చెబుతుంది. గతుకుల రోడ్డు మీద హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వంగి, కుదుపులకు వాచీ కదిలి, లెక్క తప్పుతుంటుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ అయితే గుండెలోని విద్యుత్ సంకేతాలనే పట్టుకుంటుంది కాబట్టి దాని మాట కొంత నమ్మొచ్చు.

ఇక క్యాలరీల సంగతి చెబితే నవ్వొస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు రకాల పట్టీలను 60 మందికి కట్టి నడిపించి, పరుగెత్తించి, సైకిల్ తొక్కించి చూశారు. గుండె వేగం విషయంలో ఆరు పట్టీల్లో తప్పు 5 శాతం లోపే. క్యాలరీలకొస్తే, అన్నింటిలోకీ నయమైన పట్టీకే సగటున 27 శాతం తేడా వచ్చింది. అధ్వానమైనదానికి 93 శాతం. అప్పటి నుంచి పరికరాలు మెరుగయ్యాయి నిజమే కానీ, చర్మం మీది వెలుగును బట్టి కడుపులో కరిగిన ఇడ్లీని లెక్కగట్టడం ఇప్పటికీ అంచనా వ్యవహారమే.

కాగితం మీద మీరే లెక్కేసుకోవచ్చు. చదునైన రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళ్తూ పెడల్ మీద 80 వాట్ల శక్తి పెడుతున్నారనుకోండి. గంటకు 288 కిలోజౌళ్ల పని అయినట్టు. తిండి ద్వారా వచ్చే శక్తిలో మన కండరాలు పెడల్ దాకా చేర్చేది దాదాపు నాలుగో వంతే, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి ఒళ్లు ఖర్చు చేసింది ఆ పనికి సుమారు నాలుగింతలు. తిండి పొట్లాల మీద కనిపించే ఒక క్యాలరీ అంటే 4.18 కిలోజౌళ్లు. నాలుగుతో గుణించి నాలుగు చిల్లరతో భాగించడమే కాబట్టి దాదాపు మొదటి అంకెకే వస్తాం. 275 దరిదాపుల్లో అన్నమాట. అలాంటి గంటకు నా పాత వాచీ 520 చూపించేది. దాన్ని నమ్మి ఇంటికొచ్చాక రెండో ప్లేటు పూరీ లాగించేవాణ్ని. ఏడాది తొక్కినా పొట్ట ఎందుకు కదల్లేదో ఆలస్యంగా అర్థమైంది.

వాచీ చూపించే రంగుల మండలాల సంగతీ ఇంతే. 220లో నుంచి వయసు తీసేస్తే వచ్చేదే గుండె గరిష్ఠ వేగమని చాలా పరికరాలు పట్టుకుని కూర్చుంటాయి. అది జనంలో సగటు. ఒకే వయసున్న ఇద్దరి మధ్య 20 తేడా ఉన్నా వింతేమీ కాదు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మందులు వాడుతున్నవారికి గుండె వేగం అంతగా పెరగదు కాబట్టి ఆ మండలాలు వారికి అస్సలు పనికిరావు. తొక్కుతూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతుంటే శ్రమ సరిగ్గా ఉన్నట్టు. దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు. వాచీ పచ్చగా చూపిస్తున్నా ఛాతీలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, దవడో ఎడమ చెయ్యో లాగుతుంటే ఆగిపోయి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

‘ఇంత తప్పుల తడక లెక్కలైతే ఎవరి చేతికి పోతే ఏంటి?’ అని మా తమ్ముడు వాదించాడు. చిక్కంతా అక్కడే ఉంది. గుండె వేగంలో, క్యాలరీల్లో తప్పు ఉండొచ్చు. ఎక్కడున్నారు, ఎన్నింటికి ఉన్నారు అన్నది మాత్రం కొన్ని మీటర్ల తేడాతో సరిగ్గానే నమోదవుతుంది. స్ట్రావా యాప్ వాళ్లు తమ వినియోగదారులందరి దారులనూ పేర్లు లేకుండా కలిపి ఒక వెలుగుల మ్యాపు పెట్టారు. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు దాన్ని చూసి, అఫ్గానిస్థాన్, సిరియాల్లో సైనిక స్థావరాల రూపురేఖలు అందులో మెరుస్తున్నాయని బయటపెట్టారు. సైనికులు పొద్దున్నే చేసిన పరుగే వాళ్ల ప్రహరీ గోడను గీసిపెట్టింది. పేర్లు తీసేసినా అంత తెలిసిందంటే, పేరూ ఫొటో కలిపి పెట్టుకున్న మనకు దాపరికం ఏముంది?

ఇంటి చుట్టూ కొంత మేర దారిని దాచే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది. తప్పకుండా పెట్టుకోండి. కానీ సరిగ్గా ఇల్లే మధ్యబిందువుగా ఉన్న వృత్తమైతే, నాలుగు దిక్కులకూ తొక్కిన గీతలన్నీ ఆ వృత్తం అంచు మీదే మొదలవుతాయి. ఆ అంచులను కలిపితే మధ్యలో ఉండేది మీ ఇల్లే. ఇది పదో తరగతి లెక్క. అందుకే కాస్త పెద్ద వృత్తం పెట్టుకుని, అవకాశముంటే మధ్యబిందువును పక్క వీధిలోకి జరపండి.

ఇక చట్టం సంగతి. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో తేల్చిచెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు ప్రకటించి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువు ఇచ్చారు. తప్పు చేసిన సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే.

నాకు మింగుడుపడనివి రెండున్నాయి. ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైన సమాచారంగా 2011 నాటి ఐటీ నియమాలు విడిగా చూశాయి. 2019 నాటి బిల్లులోనూ అలాగే ఉంది. యూరప్ చట్టం 2018 నుంచీ దానికి ప్రత్యేక రక్షణ ఇస్తోంది. మన 2023 చట్టంలో ఆ విభజనే లేదు. నా గుండె వేగానికి, కొరియర్ కుర్రాడికి ఇచ్చే చిరునామాకు వేర్వేరు తరగతులు లేవు. రెండోది ఇంకా ఇబ్బందికరం. మనంతట మనం అందరికీ కనిపించేలా పెట్టిన సమాచారానికి ఈ చట్టమే వర్తించదు. మా అమ్మాయి విషయంలో ‘అందరికీ’ అని నొక్కింది ఎవరు? యాప్ ముందే నొక్కి ఉంచింది, మేం చూసుకోలేదు. దాన్ని తనంతట తాను పెట్టిందని వాదిస్తే ఇక రక్షణ ఎవరికి? పరుగు, సైకిల్, నిద్ర, నెలసరి.. ఒంటి లెక్కలు రాసే ఏ యాప్ అయినా మొదట ‘నాకు మాత్రమే’ అన్న ఏర్పాటుతోనే తెరుచుకోవాలని ప్రభుత్వం నియమం పెట్టాలి. పంచుకోవాలనుకునేవారు ఓ నొక్కు నొక్కి పంచుకుంటారు. అదేం శ్రమ కాదు.

అలా చేస్తే సైకిల్ దారులు ఎక్కడ వేయాలో నగరాలకు ఎలా తెలుస్తుందని మా బృందంలోని మిత్రుడు అడిగాడు. కొన్ని నగరాలు ఇలాంటి మ్యాపులు చూసి ప్రణాళికలు వేస్తున్న మాట నిజం. కానీ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద మాలాంటివాళ్లం తొక్కితే అది మ్యాపులో వెలుగుతుంది. రాత్రి డ్యూటీ దిగి పాత సైకిల్ మీద ఇంటికి పోయే వాచ్‌మన్, పాల క్యాన్లు తగిలించుకుని తిరిగే మనిషి ఆ మ్యాపులో లేనే లేరు. దారి ముందు కావాల్సింది వాళ్లకి.

ఆరోగ్య బీమా సంస్థలు కూడా నడకకు, వ్యాయామానికి పాయింట్లు, ప్రీమియంలో రాయితీలు ఇస్తున్నాయి. తీసుకోవద్దని చెప్పను, నేనూ తీసుకున్నాను. కాకపోతే ఏ వివరం పంపడానికి ఒప్పుకొంటున్నారో చదివి సంతకం పెట్టండి. అడుగుల లెక్క పంపితే చాలినప్పుడు మ్యాపు ఎందుకు?

మా ఇంట్లో ఖాతాలు రెండూ ఇప్పుడు స్నేహితులకే పరిమితం. తొక్కిన దారి మర్నాటికి గానీ ఎక్కదు. మేం కలిసి తొక్కినట్టు చూపించే సదుపాయాన్ని మా అమ్మాయే ఆపేసింది. ఫోన్‌లో మ్యాపు అనుమతిని ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చాం. అంతా కలిపి పావుగంట పని. దారీ, సమయం మాత్రం పాతవే.

మొన్న ఆదివారం అదే టీ బండి దగ్గర ఆయన మళ్లీ కలిశారు. ‘‘ఈమధ్య తొక్కడం మానేసినట్టున్నారే సార్, నెల రోజులుగా కనిపించడం లేదు’’ అన్నారు. ‘‘వస్తూనే ఉన్నామండీ’’ అని టీ తాగి బయల్దేరాం.